మొద్దు తీగ

బ్లేడు తీగ కొనడానికి వచ్చే ప్రతివాడూ ముందు అడిగే మాట ఒక్కటే: "గట్టిగా తెగుతుందా?" తెగుతుందని చెప్పగానే రెండో మాట: "మరి మా పిల్లలు ముట్టుకుంటేనో?" సొంత పిల్లల్ని వదిలేసి పరాయి పిల్లల్ని మాత్రమే కోసే తీగ ఇంకా ఎవరూ కనిపెట్టలేదని ముళ్ళాయన ఓపిగ్గా చెప్పేవాడు. కొందరు నవ్వేవారు. ఎక్కువమంది ఆయనేదో తిట్టినట్టు మొహం పెట్టేవారు.

గోడల మీద కంచెలు బిగించడం ఆయన పని, అందుకే ఆ పేరు. మొదట్లో మామూలు ముళ్ళ తీగే బిగించేవాడు. ముల్లుకి కాస్త మంచీ మర్యాదా ఉంటాయి, గుచ్చి వదిలేస్తుంది. తర్వాత వచ్చిన ఈ బ్లేడు తీగకి అవేమీ లేవు. ఉక్కు రేకుని వరసగా చిన్న చిన్న కత్తుల్లా కోసి, గట్టి తీగ చుట్టూ బిగించి, పెద్ద పెద్ద చుట్టలుగా అమ్ముతారు. కట్లు తెంపగానే చుట్ట బుస్సుమని విచ్చుకుంటుంది. చెయ్యి పడిందా, కోసి పట్టుకుంటుంది. లాక్కున్నకొద్దీ లోపలికి దిగుతుంది. ఆయన ముంజేతుల నిండా, ఒక చెంప మీదా తెల్లటి గీతలుండేవి. వాటిని చూపించి ఆయన బావమరిది, "తీగకేం పాపం తెలీదండీ, అవన్నీ మా అక్క గోళ్ళు," అని కొత్తవాళ్ళందరికీ చెప్పేవాడు. ఇద్దరూ కలిసే పనికి వెళ్ళేవారు. బావ నిచ్చెన మీద, బావమరిది నిచ్చెన కింద.

ఇంట్లో మాత్రం తీగ గురించి వేళాకోళం ఉండేది కాదు. ఒక్కగానొక్క కూతురు పాకే వయసు నుంచీ పెరట్లోని చుట్టల వైపు వెళ్ళబోతే చాలు, వీపు మీద ఒకటి పడేది. "దాన్ని ముట్టుకోకూడదు. ఒకవేళ అది పట్టుకుంటే కదలకూడదు, నన్ను పిలవాలి." ఆ పిల్లకి అక్షరాల కంటే ముందు ఆ మాటే వచ్చింది. పెద్దదై, పెళ్ళయి, బిడ్డ తల్లయ్యాక కూడా ఆ మూల నుంచి చీపురు కావాలన్నా నాన్ననే అడిగేది. అల్లుడు లారీ డ్రైవరు, ఇంట్లో కంటే దారిలో ఎక్కువ ఉంటాడు. అందుకని తల్లీబిడ్డా వీళ్ళ దగ్గరే ఉండేవారు.

కూతురు కుట్టు ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టేది. బిడ్డకి నాలుగో నెల రాగానే మళ్ళీ పనిలో చేరమన్నారు, లేకపోతే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. చేరింది. చిక్కంతా పాపతో వచ్చింది. సీసా నోట్లో పెడితే మొహం తిప్పేసేది, చెంచాతో పోస్తే ఉమ్మేసేది. తల్లి పాలే కావాలి. ఫ్యాక్టరీలో పిల్లల గది ఉంది, తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి కూడా ఉంది. లోపల మాత్రం కప్పు దాకా అట్టపెట్టెలే. పొద్దున లోపలికెళ్ళినవాళ్ళు సాయంత్రం దాకా గేటు దాటకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టి వెళ్ళాలి.

అవసరం అన్నీ నేర్పుతుంది. ఫ్యాక్టరీ వెనక గోడ భుజాల ఎత్తే. దాని అవతల మురుగుకాలువ పక్కన ఒక సందు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే అమ్మమ్మ పాపని తీసుకుని ఆ సందులోకి వచ్చేది. కూతురు లోపల గోడవారగా వేసిన బండరాయి ఎక్కి చేతులు చాపేది. పాప గోడ దాటేది, అక్కడే గోడ నీడలో కడుపు నింపుకునేది, మళ్ళీ గోడ దాటి అమ్మమ్మ భుజం మీద నిద్రపోయేది. ఇంకో ఇద్దరు బాలింతలకీ అదే దారి. గేటు కాపలావాడు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అతనికీ పిల్లలున్నారు.

సరిగ్గా ఆ గోడకే తీగ వేయాలని మేనేజరు ముళ్ళాయనకి కబురు పెట్టాడు.

"చొక్కాల కట్టలు మాయమవుతున్నాయి. గోడ మీంచే పోతున్నాయి," అన్నాడు మేనేజరు.

చొక్కాలు గోడ దూకాయో, గేటులోంచే కార్లో దర్జాగా వెళ్ళాయో ఆ పైవాడికే తెలియాలి. ముళ్ళాయన గోడని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. బండరాయిని కూడా చూశాడు.

"తీగ మోసే కమ్మీలు ఎటు వంచమంటారు సార్?"

"ఎటు వంచితే ఏమిటి తేడా?"

"బయటివాళ్ళు లోపలికి రాకూడదంటే బయటికి వంచుతాం. లోపలివాళ్ళు బయటికి పోకూడదంటే లోపలికి."

మేనేజరు ఆలోచించలేదు. "లోపలికే," అన్నాడు.

తన కూతురు అక్కడే పని చేస్తోందన్న సంగతి ముళ్ళాయన చెప్పలేదు. చెబితే గోడ దగ్గర జరిగేది బయటపడుతుంది, బయటపడితే ఉద్యోగం పోతుంది. పని ఒప్పుకోకపోతే ఇంకొకడు వచ్చి బిగించిపోతాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. సరేనని తలూపి ఇంటికొచ్చాడు.

భార్య ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. "మనవరాలి నోటికాడి పాలు లాగెయ్యడానికి మీకు చేతులెలా వస్తాయండీ? ఊరందరి గోడలూ అయిపోయాయా?"

"నేను వేస్తేనే నయం. కాస్త ఆలోచించుకోనీ."

"ఆలోచించండి. అది ఆకలికి ఏడుస్తుంటే పక్కనే కూచుని ఆలోచించండి."

కూతురు పాపని ఒళ్ళో వేసుకుని తండ్రి వైపు చూస్తూ కూచుంది. ఆ చూపు కంటే భార్య తిట్లే నయమనిపించింది ఆయనకి.

ఆదివారం పొద్దున్నే పెరట్లో ఒక చుట్ట విప్పి, బావమరిదిని ఎదురుగా కూచోబెట్టాడు. ఒక్కో బ్లేడు మొనా కట్టరుతో తుంచాడు. అంచులు ఆకురాయితో అరగదీశాడు. చేతికి గరుకు తగిలితే సుత్తితో కొట్టి మళ్ళీ అరగదీశాడు. అరగదీసిన చోట తుప్పు పట్టకుండా, మెరుపు తగ్గకుండా వెండిరంగు పూశాడు. పొద్దు వాలేసరికి ఇద్దరి వేళ్ళూ బొబ్బలెక్కాయి. అయిపోయాక ఆ ముక్కని అసలు తీగ పక్కన వేలాడదీసి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూశాడు. ఏది ఏదో ఆయనకే తెలియలేదు.

"బావా, ఇన్నేళ్ళ నీ పనితనమంతా ఇందులోనే పోశావు," అన్నాడు బావమరిది. "కోసే తీగకి కూడా ఇంత కష్టపడలేదు."

ముళ్ళాయన నవ్వాడు. నిజంగానే గర్వపడ్డాడు. ఆ గర్వమే కొంప ముంచుతుందని అప్పుడెవరికి తెలుసు.

గోడ పొడుగునా అసలు తీగ బిగించి, బండరాయికి ఎదురుగా రెండు కమ్మీల మధ్య మాత్రం ఆ మొద్దు తీగ వేశాడు. దాని అడుగు కట్టకుండా పై తీగకి మాత్రమే వేలాడదీశాడు. కింద నుంచి చేత్తో ఎత్తితే తెరలా లేస్తుంది, పాప పట్టేంత సందు దొరుకుతుంది. చూసేవాళ్ళకి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే భయం.

ఆ మధ్యాహ్నం గంట కొట్టాక కూతురు వచ్చి దూరంగా నిలబడింది. ఆయన నిచ్చెన దిగకుండా మేకులు వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. గోడ అవతల అమ్మమ్మ భుజం మీద పాప గునుస్తోంది.

"ఎత్తమ్మా," అన్నాడు మెల్లగా.

"భయంగా ఉంది నాన్నా."

"అది నేను చేసిందే. ఏం కాదు."

ఆమె బండ ఎక్కింది గానీ చేతులు ముందుకు రాలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వీపు మీద దెబ్బలతో నేర్చుకున్న పాఠం మరి. చివరికి ఆయనే నిచ్చెన దిగి, కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, అరచేయి విప్పి తీగ మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి నొక్కాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. తర్వాత తెరిచి అరచేయి చూసుకుంది. ఏమీ లేదు. ఫక్కున నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇంకో ఇద్దరు తల్లులకీ తనే చూపించింది. ఈ ముక్క మనది, మిగతా గోడ జోలికి పోకండి అని చెప్పింది.

తీగ వేసిన రోజుల్లో ఆడవాళ్ళంతా ఆ వైపు తలెత్తి చూడటానికే జంకేవారు. నెల తిరిగేసరికి ఈ ముగ్గురికీ ఆ భయం పూర్తిగా పోయింది. పాప బుగ్గలు పూరీల్లా పొంగాయి. కూతురు మాట్లాడుతూ మాట్లాడుతూనే, చూడకుండానే, రెండు చేతులూ లోపలికి పోనిచ్చి తీగని ఎత్తేసేది. మామూలుగా అమ్మమ్మ అటు నుంచి ఎత్తేది, కూతురు ఇటు నుంచి అందుకునేది. ఎవరు ముందొస్తే వాళ్ళు ఎత్తేవారు.

అమ్మమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. ఆవిడకి ఎండ కనబడితే చాలు, ఏదో ఒక గుడ్డ ఆరేయాలనిపిస్తుంది. ఒకరోజు పాప తడిపిన గుడ్డని తీగ మీద ఆరేసి, కబుర్లలో పడి, అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చేసింది.

మర్నాడు పొద్దున మేనేజరు గోడవారగా నడుస్తూ ఆ గుడ్డని చూశాడు. లాగాడు. దండెం మీంచి వచ్చినట్టు జారి చేతిలోకి వచ్చింది. ఒక్క పోగు కూడా చిరగలేదు. అతనికి ఎన్ని చెడ్డగుణాలున్నా, తెలివితక్కువవాడు మాత్రం కాదు. ఒక వేలితో బ్లేడుని తాకి చూశాడు, తర్వాత అరచేత్తో చూశాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని ముళ్ళాయనకి ఫోను చేశాడు.

ముళ్ళాయన, బావమరిది గంటలో అక్కడికి వచ్చారు. మేనేజరు కోపంగా లేడు. ముళ్ళాయనకి అందుకే భయం వేసింది.

"ఈ ముక్క సరుకు బాగోలేదు పెద్దాయనా. తయారుచేసినవాడు నిన్ను మోసం చేసినట్టున్నాడు. మార్చెయ్యి. నేను ఇక్కడే ఉంటాను."

మోసం చేసినవాడు ఎదురుగానే ఉన్నాడని అతనికి అనుమానం ఉందో లేదో తెలియదు. తప్పించుకోవడానికి దారి మాత్రం ఇచ్చాడు. ముళ్ళాయన ఆ దారిలోకే వెళ్ళాడు. "అవును సార్, ఈమధ్య సరుకు అలాగే వస్తోంది," అన్నాడు.

"ఈ గుడ్డ ఎవరిదో తర్వాత కనుక్కుంటాను," అన్నాడు మేనేజరు.

మొద్దు తీగ దించారు. దాని చోట అసలు తీగ ఎక్కించారు. అడుగు కూడా కట్టేద్దామని ముళ్ళాయన పట్టకారు తీస్తుండగా, "అది తర్వాత చూద్దువుగాని, ముందు గేటు దగ్గరికి రా. అక్కడా వేయాలి, కొలుచుకో," అన్నాడు మేనేజరు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంకాసేపట్లో భోజనాల గంట కొడతారు. లోపల మిషన్ల చప్పుడులో కూతురు కాలర్లు కుట్టుకుంటోంది. మేనేజరు పక్కన నిలబడి ఉండగా ఆ చప్పుడులోకి వెళ్ళి ఏమని చెప్పాలి? చెప్తే ఎవరి కూతురో తెలిసిపోతుంది, గుడ్డ ఎవరిదో కూడా తెలిసిపోతుంది. అసలు పాపే రాకపోతే తీగ జోలికి ఎవరు వస్తారు అనుకున్నాడు. సామాను సర్దుతున్నట్టు వంగి బావమరిది చెవిలో, "ఒరేయ్, మీ అక్కని సందు మొదట్లోనే ఆపు. గోడ దగ్గరికి రానివ్వకు," అన్నాడు. బావమరిది తలూపి వెళ్ళాడు. ముళ్ళాయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. కొత్త ముక్క గోడ మీద మిగతా తీగలాగే మెరుస్తోంది. మొద్దు తీగ కూడా ఇలాగే మెరిసేది. ఆ తేడా కనబడకుండా ఉండటానికే కదా ఒక రోజంతా కష్టపడ్డాడు.

గంట కొట్టారు.

బావమరిది చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. మిగతా ఇద్దరు పిల్లల్ని తెచ్చినవాళ్ళతో పాటు అక్కని సందు మలుపులో ఆపేశాడు. ఆవిడ ఎందుకని అడిగింది, అతను చెప్పాడు, ఆవిడ తల పట్టుకుంది. ఈలోగా పాపకి పాలవేళ దాటింది. ఆరున్నొక్క రాగం అందుకుంది.

కూతురు బండరాయి దగ్గరికి పరుగున వచ్చింది. రవిక ముందువైపు తడిసి ఉంది. అవతల నుంచి పాప ఏడుపు వినబడుతోంది, దగ్గరికి మాత్రం రావడం లేదు. "అమ్మా," అని పిలిచింది. జవాబు లేదు. అమ్మ కాలువ పక్కన జారిపడిందేమో అనుకుంది. బండ ఎక్కింది. తల దూర్చి చూద్దామని, రోజూ చేసినట్టే, రెండు చేతులూ మోచేతుల దాకా పోనిచ్చి, బలంగా పైకెత్తింది.

గేటు దగ్గర టేపు పట్టుకున్న ముళ్ళాయనకి ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. టేపు అక్కడే పడేసి, మేనేజరు పిలుస్తున్నా వినకుండా పరిగెత్తాడు. ఆయన వెళ్ళేసరికి జరగకూడనిది జరుగుతోంది. నలుగురు ఆడవాళ్ళు ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. పాపం, వాళ్ళు సాయమే చేస్తున్నారు. మంటలో చిక్కుకున్న మనిషినైనా, నీళ్ళలో పడ్డ మనిషినైనా లాగాలి. ఈ తీగలో పడ్డ మనిషిని మాత్రం లాగకూడదని వాళ్ళకెలా తెలుస్తుంది?

"లాగకండి. వదలండి, ఆమెని వదిలెయ్యండి," అన్నాడు. అందర్నీ తోసుకుని బండ ఎక్కాడు. కూతురు కదలకుండా నిలబడింది. పెదవి కొరుక్కుంటోంది.

"కదలట్లేదు నాన్నా," అంది. "వీళ్ళే."

కట్టరుతో ఒక్కో తీగా తెంపాడు. తెంపిన ప్రతి చోటా చుట్ట ఒకసారి ఎగిరి ఆయన చేతినీ కోసింది, ఆయనకి తెలియలేదు. గోడ మీంచి రక్తం కారి బండ మీద పడుతోంది. అవతల పాప ఇంకా ఏడుస్తూనే ఉంది.

మేనేజరు వచ్చి కారు తెమ్మని ఎవరికో చెప్పాడు. "ఎవరీమె? ఇక్కడికెందుకొచ్చింది?" అన్నాడు.

"నా కూతురండీ," అన్నాడు ముళ్ళాయన.

ఇన్నాళ్ళూ దాచిన మాట అంత తేలిగ్గా వచ్చేసింది. మేనేజరు ఆయన మొహం చూశాడు, తీగ చూశాడు, జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆసుపత్రిలో ఎడమ చేతికి కుట్లతో సరిపోయింది. కుడి చేతిలో నరం తెగిందన్నారు. చెయ్యి దక్కించాం గానీ రెండు వేళ్ళు ఇక ముడుచుకోవన్నారు. కాలరు మూల తిప్పాలంటే ఆ రెండు వేళ్ళే కావాలి. వారం తిరక్కుండా గేటు కాపలావాడు ఇంటికొచ్చి, పనిలోకి రావద్దన్నారని తలదించుకుని చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. గోడ దగ్గరికి వెళ్ళడం ఆమె తప్పేనట.

ఇప్పుడు పాపకి ఎప్పుడు ఆకలేస్తే అప్పుడే పాలు. సందూ లేదు, గోడా లేదు, గంట కోసం కాచుకోవడమూ లేదు. తల్లి రోజంతా ఇంట్లోనే ఉంటోంది. కాకపోతే బిడ్డని ఎత్తుకోలేదు. అమ్మమ్మ పాపని తెచ్చి రొమ్ముకి పట్టుకుని కూచోవాలి. అంతసేపూ కూతురు కట్లు కట్టిన చేతులు పాపకి తగలకుండా రెండూ పైకెత్తి ఉంచుకుంటుంది. పాప ఆ చేతుల కోసం వెతుక్కుంటుంది, దొరక్కపోతే అమ్మమ్మ గాజులు పట్టుకుంటుంది. ముళ్ళాయన అది చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. అన్నం సయించేది కాదు. తన చేతులు విరిగినా బాగుండేదని భార్యతో అన్నాడు. ఆవిడ తిడుతుందేమోనని ఎదురుచూశాడు. ఆవిడ తిట్టలేదు. గుడ్డ ఆరేసింది తనేనని ఆవిడా కుమిలిపోతోంది.

ఒకరోజు ఉండబట్టలేక కూతురినే అడిగాడు. "ఎత్తేముందు ఒక్కసారి చూసుకోలేదా అమ్మా?"

"ఎందుకు చూసుకుంటాను నాన్నా," అంది. "నువ్వేసిందే కదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా భరించేవాడు. అసలు తీగా తనే వేశాడు, మొద్దు తీగా తనే వేశాడు. ఆ పిల్లకి భయం నేర్పిందీ తనే, మాన్పించిందీ తనే.

కట్లు విప్పకముందే బావమరిది ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చిందట. తెంపిన చోట మళ్ళీ వేయాలి, గోడ పొడుగునా ఇంకో వరస కూడా కావాలి. ఆ రోజు నుంచీ ఆ గోడ దరిదాపులకి ఒక్కరూ రావడం లేదని మేనేజరు సంబరపడుతున్నాడట. ఈసారి సరుకు తనే తెప్పిస్తాడట.

"నేను పోను," అన్నాడు ముళ్ళాయన. "ఆ తీగ మళ్ళీ ముట్టుకోను."

భార్య పట్టుకుని ఉండగా పాప పాలు తాగుతోంది. కూతురు ఎత్తిపట్టుకున్న చేతులు దించకుండానే తండ్రి వైపు తిరిగింది.

"వెళ్ళు నాన్నా. ఆ ఇద్దరు పిల్లలూ ఇప్పుడు ఆకలితో మాడుతూ ఉంటారు. ఇవాళో రేపో వాళ్ళ తల్లులు మళ్ళీ గోడ దగ్గరికి వస్తారు, నువ్వేమైనా చేసుంటావని చేతులు పెడతారు. మొద్దు ముక్క వెయ్యొద్దు. ముందు మిషన్ల దగ్గరికి వెళ్ళి, అందరూ వింటుండగా, ఇది కోసే తీగేనని వాళ్ళకి చెప్పు. చెప్పాకే వెయ్యి."

ముళ్ళాయన మూలనున్న కట్టరు అందుకున్నాడు. తర్వాత, చెబుతానమ్మా అన్నాడు.